గృహవిజ్ఞానం: కుక్కకు పడని తిండిని కనిపెట్టడం ఎలా?

గత కొద్ది నెలలుగా ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో పెంపుడు కుక్కల ఆహారాన్ని గురించిన ప్రశ్నలు తరచుగా కనిపిస్తున్నాయి. ఒకరి కుక్క ఏడాది పొడవునా ఒళ్ళు గోక్కుంటూనే ఉంటుందట. మరొకరి కుక్కకు చెవిలో చీము తగ్గినట్లే తగ్గి మళ్ళీ వస్తున్నదట. ఇంకొకరు మూడు రకాల ఖరీదైన ప్యాకెట్ తిండి మార్చినా విరేచనాలు ఆగలేదని రాశారు. వీటన్నింటికన్నా నన్ను ఆలోచింపజేసినది ఒక సోదరి ఉత్తరం. ‘మాకు బదిలీ ఖాయమైంది. ఈ రోగిష్టి కుక్కను వెంట తీసుకుపోలేము. ఎక్కడైనా వదిలివేయడం తప్ప మార్గం లేదా?’ అని ఆమె అడిగారు.

మార్గం ఉన్నదని చెప్పడానికే ఈ నెల శీర్షికను కేటాయిస్తున్నాను. కుక్క గోక్కోవడానికి కారణం దాని పళ్ళెంలోనే ఉంటే, ఆ కారణాన్ని కనిపెట్టడం సాధ్యమే. దానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. రెండు మూడు నెలల ఓర్పు, ఇంటిల్లిపాది సహకారం, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

నేను వృత్తిరీత్యా యంత్రాలతో కాలం గడిపేవాణ్ణి. పశువైద్యం నా శాస్త్రం కాదు. కనుక మందుల విషయం వైద్యులకే వదిలి, కారణాన్ని వెదికే పద్ధతిని మాత్రమే ఇక్కడ వివరిస్తాను. ఆ పద్ధతి మన కర్మాగారంలో పనిచేసే వారికి కొత్త కాదు. ఒక మోటారు పదే పదే ట్రిప్ అవుతున్నప్పుడు రిలే, కేబుల్, బేరింగు మూడింటినీ ఒకేసారి మార్చిన వానికి మోటారు తిరగవచ్చు గాని, లోపం ఎక్కడ ఉన్నదో తెలియదు. ఒక్కొక్క దానినే మార్చి, ఫలితం చూసి, రాసి పెట్టుకొన్న వానికే అసలు సంగతి తెలుస్తుంది. కుక్క ఆహారం విషయంలో మనం సాధారణంగా మొదటి పని చేస్తాం. చేయవలసినది రెండవది.

పడకపోవడం రెండు విధాలు

‘పడదు’ అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు స్థితులను చెప్పుకొంటాం. మొదటిది అసహనం. ఇందులో శరీరానికి ఆ పదార్థాన్ని జీర్ణం చేసుకొనే శక్తి చాలదు. పాలు ఇందుకు మంచి ఉదాహరణ. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైము కుక్కపిల్ల తల్లిపాలు మానిన తరువాత క్రమంగా తగ్గిపోతుంది. అందువల్ల గిన్నెడు పాలు తాగిన పెద్ద కుక్కకు కడుపు ఉబ్బరం, విరేచనాలు కలగవచ్చు.

రెండవది అలర్జీ. ఇందులో వ్యాధి నిరోధక వ్యవస్థ ఆహారంలోని ఒక మాంసకృత్తును శత్రువుగా భావించి ఎదురు తిరుగుతుంది. దీని లక్షణాలు ఎక్కువగా చర్మం మీద కనిపిస్తాయి. పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం, పొట్ట మీద, చంకలలో, మలద్వారం చుట్టూ ఎర్రబడటం, చెవిలో పదే పదే చీము చేరడం ఇందులో ముఖ్యమైనవి. కొన్నింటికి వాంతులు, విరేచనాలు కూడా తోడవుతాయి.

ఈ భేదం తెలియడం వల్ల ప్రయోజనం ఏమిటో పెరుగన్నాన్ని బట్టి చెప్పుకోవచ్చు. పెరుగు తోడుకొనేటప్పుడు పాలలోని లాక్టోజ్ కొంత తగ్గుతుంది. కనుక పాలు పడని కుక్కకు పెరుగు పడవచ్చు. కాని పాలలోని మాంసకృత్తులు పెరుగులోనూ, పన్నీరులోనూ అలాగే ఉంటాయి. కనుక పాల మాంసకృత్తులతో అలర్జీ ఉన్న కుక్కకు పెరుగన్నం కూడా పనికిరాదు. తెలుగు ఇళ్ళలో ‘చలువ చేస్తుంది’ అని దురదకు విరుగుడుగా పెట్టే పెరుగన్నమే కొన్ని కుక్కలకు దురదకు మూలం కావడం విచిత్రమే.

ఇంకొక అపోహను కూడా ఇక్కడే తొలగించాలి. ‘నాలుగేళ్ళుగా కోడిమాంసం తింటూనే ఉంది, ఇప్పుడెందుకు పడదు?’ అని చాలామంది అడుగుతారు. అలర్జీ స్వభావమే అది. ఎన్నడూ తినని పదార్థం మీద శరీరం ద్వేషం పెంచుకోదు. తరచుగా తినే దాని మీదనే, నెలలో సంవత్సరాలో గడిచిన తరువాత, ఎదురు తిరుగుతుంది.

2016లో ప్రచురితమైన ఒక సమీక్షలో, ఆహార అలర్జీ నిర్ధారణ అయిన 297 కుక్కల వివరాలను క్రోడీకరించారు. గొడ్డు మాంసం 34 శాతం కుక్కలకు, పాల పదార్థాలు 17 శాతానికి, కోడిమాంసం 15 శాతానికి, గోధుమ 13 శాతానికి పడలేదు. గుడ్డు 4 శాతం, చేప, బియ్యం చెరి 2 శాతం చొప్పున ఉన్నాయి. ఆ వివరాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి. మన ఇళ్ళలో కుక్కలకు అలవాటైన ఆహారం వేరు గనుక, పాలు, కోడిమాంసం, గుడ్డు, గోధుమ రొట్టె, బిస్కట్లు మన అనుమానితుల జాబితాలో ముందుండాలి.

ముందుగా తోసిపుచ్చవలసినవి

దురద ఉన్న ప్రతి కుక్కకూ కారణం తిండి కాదు. ఇంకా చెప్పాలంటే, అత్యధిక సందర్భాలలో కారణం వేరే ఉంటుంది. పిడుదులు, గెంతే పేలు, గజ్జి పురుగులు, శిలీంధ్రాలు, గాలిలోని పుప్పొడి, ఇంటి దుమ్ము ఇవన్నీ అచ్చంగా ఇలాంటి దురదనే కలిగిస్తాయి. కనుక ఆహారం జోలికి పోకముందే వైద్యుని చేత చర్మాన్ని, చెవులను పరీక్ష చేయించి, పిడుదుల నివారణ క్రమం తప్పకుండా జరిపించాలి. ఋతువుతో పాటు వచ్చిపోయే దురద అయితే తిండి మీద అనుమానం తక్కువ. వేసవి, వానాకాలం, చలికాలం అనే భేదం లేకుండా ఏడాది పొడవునా ఉంటే అనుమానం ఎక్కువ.

దురద తగ్గించడానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు వెంటనే ఉపశమనం కలిగించే మాట నిజమే. ఎర్రగా పుండ్లు పడిన కుక్కకు అవి అవసరం కూడా. అయితే కారణాన్ని వెదకకుండా నెలల తరబడి వాటి మీదనే ఆధారపడటం, అలారం మోగుతున్నదని దాని తీగ తీసివేయడం వంటిది. అతిదాహం, అతిమూత్రం, విపరీతమైన ఆకలి వంటి ఇబ్బందులు తోడవుతాయి. అలాగని యజమాని తనంతట తాను మాత్రలు ఒక్కసారిగా ఆపివేయరాదు. వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించాలి.

రక్తం, లాలాజలం, వెంట్రుకలు పరీక్షించి ఏ తిండి పడదో చెబుతామనే ప్రకటనలు ఇటీవల చాలా కనిపిస్తున్నాయి. ఆహార అలర్జీ విషయంలో ఈ పరీక్షలు నమ్మదగినవి కావన్నది చర్మవ్యాధి నిపుణుల అభిప్రాయం. నేటికీ నమ్మదగిన పరీక్ష ఒక్కటే. అనుమానం ఉన్న ఆహారాన్ని పూర్తిగా మాన్పించి చూడటం, ఆ తరువాత తిరిగి పెట్టి చూడటం.

ఎనిమిది వారాల పరీక్ష

మొదట, మీ కుక్క పుట్టినది మొదలు తిన్న పదార్థాలన్నింటి జాబితా రాయండి. అన్నం, పాలు, కోడి, గుడ్డు, రొట్టె, బిస్కట్లు, ప్రసాదాలు, పక్కింటివారు పెట్టేవి ఏవీ విడిచిపెట్టవద్దు. ఆ జాబితాలో లేని ఒక మాంసకృత్తును, ఒక పిండిపదార్థాన్ని ఎంచుకోండి. కోడికూర, పెరుగన్నం మాత్రమే తిన్న కుక్కకు ముళ్ళు పూర్తిగా తీసి ఉడికించిన చేప, చిలగడదుంప సరిపోతాయి. చేప అలవాటున్న కుక్కకు మేకమాంసం వాడవచ్చు. శాకాహార గృహాలలో, ఇదివరకు తినిపించి ఉండకపోతే, సోయాను ఆధారం చేసుకోవచ్చు. పన్నీరు మాత్రం పాల పదార్థమేనని మరవరాదు. ఈ వంటలో ఉప్పు, కారం, మసాలా, నూనె పోపు ఏవీ ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి గనుక అవి ఈ పరీక్షలోనే కాదు, ఎన్నడూ పనికిరావు.

ఇంట్లో వండే వీలు లేనివారికి మరొక మార్గం ఉన్నది. మాంసకృత్తులను శరీరం గుర్తు పట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఆహారం పశువైద్యుల సలహాపై లభిస్తుంది. దీనినే హైడ్రొలైజ్డ్ ఆహారం అంటారు. ఖరీదు ఎక్కువే గాని, అన్ని పోషకాలూ సమకూర్చి ఉంటుంది. పెరిగే వయసులో ఉన్న పిల్లలకు చేప, దుంప వంటి అసంపూర్ణ ఆహారం వారాల తరబడి పెట్టడం ప్రమాదకరం కనుక, వాటికి ఈ మార్గమే మేలు.

కొత్త ఆహారాన్ని ఒక్క రోజులో మార్చకుండా, వారం రోజుల పాటు పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ రండి. పూర్తిగా కొత్త ఆహారానికి వచ్చిన రోజు నుంచి ఎనిమిది వారాలు లెక్క వేయండి. రెండు వారాలు చూసి ‘గుణం కనిపించలేదు’ అని విడిచిపెట్టేవారే ఎక్కువ. ఆహార అలర్జీ ఉన్న కుక్కలలో 80 శాతానికి పైగా అయిదు వారాలకు, 90 శాతానికి పైగా ఎనిమిది వారాలకు గుణం చూపుతాయని 2015లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. కడుపుకు సంబంధించిన లక్షణాలు అంతకన్నా ముందే తగ్గుతాయి.

ఎంత పెట్టాలన్న ప్రశ్నకు ఒక లెక్క ఉన్నది. కుక్క బరువును కిలోలలో తీసుకొని, దానికి 0.75 ఘాతం కట్టి, 70తో గుణిస్తే, విశ్రాంతిగా ఉన్నప్పుడు కావలసిన కేలరీలు వస్తాయి. 20 కిలోల కుక్కకు ఇది సుమారు 660. సంతాన నిరోధక శస్త్రచికిత్స అయిన పెద్ద కుక్కకు రోజుకు దీనికి 1.6 రెట్లు, అంటే సుమారు 1,060 కేలరీలు చాలు. ఇది ఆరంభానికి మాత్రమే. వారానికొకసారి బరువు తూచి, తగ్గితే పెంచండి, పెరిగితే తగ్గించండి.

పరీక్షను పాడుచేసేవి

ఈ పరీక్ష విఫలం కావడానికి కారణం చాలాసార్లు కుక్క కాదు, దాని చుట్టూ ఉన్న మనుషుల ప్రేమ. తాతగారు కాఫీతో పాటు వేసే సగం బిస్కట్టు, పిల్లలు బల్ల కింద జారవిడిచే రొట్టెముక్క, పనిమనిషి జాలిపడి పెట్టే మిగిలిన కూర, వీధి చివరి చెత్తకుండీ, ఇవన్నీ ఎనిమిది వారాల శ్రమను ఒక్క పూటలో వృథా చేయగలవు. రుచి కోసం మాంసపు వాసన కలిపిన నులిపురుగుల మాత్రలు, పిడుదుల మాత్రలు, నమిలే ఎముకలు కూడా ఈ కోవలోనివే. రుచి కలపని మాత్రలు ఇమ్మని వైద్యుని అడగవచ్చు.

అందుకే నోటుపుస్తకం కావాలి. తేదీ, పెట్టిన ఆహారం, పొరపాటున తిన్నది, మలం తీరు, దురద తీవ్రత అనే అయిదు గడులు గీయండి. దురదకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేయండి. సున్నా అంటే సాధారణమైన కుక్క, పది అంటే నిద్ర కూడా పోకుండా గోక్కొనేది. ఈ బాధ్యతను ఇంట్లో పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు అప్పగించి చూడండి. పెద్దలకన్నా నిక్కచ్చిగా రాస్తారు. శాస్త్రీయ పద్ధతి అంటే ఏమిటో వారికి దీనికన్నా బాగా బోధపడే పాఠం లేదు.

ఒక ఇంటి అనుభవం

మా విభాగంలోని ఒక మిత్రుని ఇంట నాలుగేళ్ళ లాబ్రడార్ ఉండేది. పాదాలు నాకి నాకి వెంట్రుకలు ఊడిపోయాయి. చెవులు ఏడాదిలో మూడుసార్లు చీము పట్టాయి. ఆయనకు వేరొక యూనిట్‌కు బదిలీ ఉత్తర్వులు వచ్చినప్పుడు, కుక్కను ఎవరి తోటకైనా పంపివేద్దామని ఇంట్లో నిర్ణయం కూడా అయిపోయింది. వారి అమ్మాయి మాత్రం అన్నం మాని ఏడ్చింది. ఉత్తర్వు అమలుకు మూడు నెలల గడువున్నది గనుక, వైద్యుని సలహాతో చేప, చిలగడదుంపలతో పరీక్ష ఆరంభించారు. పుస్తకం రాసే పని ఆ అమ్మాయే తీసుకొన్నది.

మొదటి రోజు దురదకు 8 మార్కులు. రెండవ వారం ముగిసేసరికి 6. మూడవ వారంలో ఉన్నట్లుండి మళ్ళీ 8కి పెరిగింది. వైద్యం వికటించిందని ఇంట్లోవారు నిరాశపడ్డారు గాని, పుస్తకం తిరగేసిన అమ్మాయి ఒక సంగతి గమనించింది. పెరిగిన రోజులన్నీ వాళ్ళ నాన్నగారు రాత్రి షిఫ్టుకు వెళ్ళిన మరునాడు మొదలైనవే. ఆయన లేని రాత్రులలో కుక్క గేటు దాకా వెళ్ళి, అక్కడి కాపలా మనిషి క్యారేజీలోని కోడికూరలో వాటా పుచ్చుకొంటున్నది. ఆయనకు సంగతి వివరించి చెబితే, ‘అయ్యో, చెప్పి ఉంటే పెట్టేవాణ్ణి కాదు గదమ్మా’ అన్నాడట. ఆ పూటతో అది ఆగిపోయింది. ఎనిమిదవ వారానికి మార్కు 1కి దిగింది.

ఆ తరువాత వైద్యుడు చెప్పినట్లు ఉడికించిన కోడిమాంసం తిరిగి పెట్టి చూశారు. నాల్గవ రోజుకు దురద 7. కోడిమాంసం మాన్పించి, తగ్గిన తరువాత గుడ్డు పెట్టారు. ఏమీ కాలేదు. పెరుగు పెట్టారు. ఏమీ కాలేదు. రెండేళ్ళ బాధకు కారణం ఒక్క కోడిమాంసమే. ప్రయాణం రోజున వారితో పాటు కుక్క కూడా రైలెక్కింది.

తిరిగి పెట్టి చూడటం ఎందుకు?

తగ్గిన తరువాత పాత తిండి మళ్ళీ పెట్టడానికి చాలామందికి మనసు ఒప్పదు. అది సహజమే. కాని ఈ మెట్టు దాటకపోతే పరీక్ష పూర్తి కాదు. దురద తగ్గింది తిండి వల్లనో, మధ్యలో చేసిన పిడుదుల చికిత్స వల్లనో, ఋతువు మారడం వల్లనో తెలియదు. ఒక్కొక్క పదార్థాన్ని విడివిడిగా, ఒక్కొక్క దానికి రెండు వారాల వంతున పెట్టి చూడాలి. పడనిదైతే ఎక్కువ కుక్కలలో ఆ గడువులోగానే లక్షణాలు తిరగబెడతాయి. తిరగబెట్టగానే ఆ పదార్థాన్ని ఆపి, తగ్గేవరకు ఆగి, తరువాతి దానికి వెళ్ళాలి. గతంలో ముఖం వాచడం, ఊపిరాడకపోవడం వంటి తీవ్ర లక్షణాలు కనిపించిన కుక్కకు ఈ ప్రయత్నం ఇంటివద్ద చేయరాదు. ఈ మెట్టు చివర మీ చేతిలో రెండు జాబితాలు మిగులుతాయి. ఒకటి పడనివి, రెండవది పడేవి. రెండవ జాబితా సాధారణంగా చాలా పెద్దదిగా ఉండి, ఇంటివారిని సంతోషపెడుతుంది.

నిత్యాహారం ఎంపిక

పరీక్షకు వాడిన చేప, దుంప జీవితాంతం సరిపోవు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. కొన్ని విటమిన్లు, జింకు వంటి లవణాలు కూడా చాలవు. ఇంటి వంటనే కొనసాగించదలచినవారు వైద్యుని చేత పాళ్ళు రాయించుకొని, సూచించిన కాల్షియం, విటమిన్లు చేర్చాలి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, గరివిడి వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి. సమీపంలో ఉన్నవారు వాటి ఆసుపత్రుల సలహా పొందవచ్చు.

ప్యాకెట్ ఆహారం కొనేవారు ముందువైపు బొమ్మను గాక, వెనుకవైపు చిన్న అక్షరాలను చదవాలి. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రిస్తారు. ముందువైపు ‘గొర్రెమాంసం, అన్నం’ అని పెద్దగా ఉన్నా, వెనుక కోడిమాంసపు పొడి, కోడికొవ్వు ఉండవచ్చు. పైగా ముద్రించని మాంసాల జాడలు సాధారణ ప్యాకెట్లలో దొరికినట్లు పలు పరిశీలనలు తెలిపాయి. అందుకే పరీక్ష కాలంలో అంగడి ప్యాకెట్లు పనికిరావు. పరీక్ష ముగిసిన తరువాత కూడా కొత్త ప్యాకెట్‌ను రెండు వారాలు పుస్తకంలో రాసుకొంటూ వాడాలి.

ధాన్యం లేని ఆహారం శ్రేష్ఠమనే ప్రచారాన్ని కూడా ఆలోచించి స్వీకరించాలి. కుక్కకు అన్నం విషం కాదు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు ప్రతులు తోడేళ్ళలో కన్నా కుక్కలలో ఎక్కువగా ఉన్నాయని 2013లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది. మనిషి అన్నం పంచుకొని వేల ఏళ్ళు బ్రతికిన జంతువు అది. మరోవైపు, కొన్ని ధాన్యరహిత ఆహారాలకు కుక్కల గుండెజబ్బుకు సంబంధం ఉన్నదేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018 జులైలో విచారణ ఆరంభించింది. అవే కారణమని నిర్ధారణ కాలేదు. ఏమైనా, బియ్యమో గోధుమో పడదని మీ పుస్తకం చెప్పనంతవరకు, ధాన్యం మాన్పించడానికి హేతువు లేదు.

చివరగా

ఉత్తరం రాసిన సోదరికి, అటువంటి సందిగ్ధంలో ఉన్న మరికొందరికి ఒక మాట. ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రింద నేరం. చట్టం మాట అటుంచినా, కాలనీ ఖాళీ చేసి వెళ్ళే ప్రతి కుటుంబం వెనుక గేటు దగ్గర ఒక కుక్క కొన్నాళ్ళు ఎదురుచూడటం మనలో చాలామంది చూసినదే. ఇంటి అన్నానికి అలవాటుపడిన కుక్క వీధిలో బ్రతకలేదు. చర్మం పాడైన కుక్కను మరొకరు చేరదీయరు. దాని రోగం మన పళ్ళెం నుంచి వచ్చినదైనప్పుడు, దానిని కనిపెట్టే పూచీ కూడా మనదే.

బదిలీకి ముందు రెండు నెలల వ్యవధి ఉన్నా చాలు, పరీక్ష మొదలుపెట్టవచ్చు. మిగిలినది కొత్త ఊళ్ళో పూర్తి చేయవచ్చు. నోటుపుస్తకం మాత్రం సామానులో కట్టివేయకుండా చేతిసంచిలో ఉంచుకోండి.

మీ అనుభవాలను, సందేహాలను సంపాదకవర్గం చిరునామాకు రాసి పంపగలరు. వచ్చే సంచికలో వేసవిలో పెరటి మొక్కలకు నీటి పొదుపును గురించి ముచ్చటించుకొందాం.